పై ఇంటి సారు చెప్పిన టైం

పై ఇంటి సారు పోయిన ఆదివారం ఉదయం చనిపోయారు. ఆరుంబావుకు ఆయన భార్య మా తలుపు తట్టారు. "జర పైకి రా తమ్మీ, సారు లేస్తలేడు" అన్నారు. నేను వెళ్లేసరికి ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. ఎదురు వీధిలో ఉండే డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి రెండు గంటలై ఉంటుందన్నారు. వయసు డెబ్బై ఒకటి. రెండేళ్లుగా కిడ్నీలు పనిచేయడం లేదు.

మీలో చాలామందికి ఆయన తెలియదు. హఫీజ్‌పేట్ రైల్వే స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే మా అపార్ట్‌మెంట్ వస్తుంది. వాళ్లది మూడో అంతస్తు, మాది రెండోది. పద్దెనిమిదేళ్ల పొరుగు. బేగంపేటలో విమానాలు దిగే రోజుల్లో ఆయన ఒక విమాన సంస్థ టికెట్ కౌంటర్‌లో పనిచేశారు. ఆ సంస్థ మూతపడ్డాక మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రావెల్ డెస్క్‌లో చేరారు. కంపెనీ పని మీద వేరే దేశాలకు వెళ్లేవాళ్లకు టికెట్లు, వీసా కాగితాలు చూసిపెట్టే ఉద్యోగం. కిందటి ఏడాది దాకా చేశారు. పేపర్లో పేరు పడడం ఆయనకు నచ్చేది కాదు, అందుకని ఇక్కడా రాయడం లేదు. బిల్డింగ్‌లో అందరికీ ఆయన సారు. మొదట్లో ఎగతాళికి అలా పిలిచిన భార్యకు కూడా చివరికి అదే అలవాటైపోయింది.

ఆయనతో నా పరిచయం నా తప్పుతో మొదలైంది. హైదరాబాద్ నుంచి లండన్‌కు నేరుగా వెళ్లే ఒక విమానం గురించి వార్త రాశాను. ఇక్కడ ఉదయం ఏడున్నరకు లేచి అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగుతుందని నాకు అందిన కాగితంలో ఉంది. పన్నెండున్నర లోంచి ఏడున్నర తీసేసి "ఐదు గంటల్లో లండన్" అని రాశాను. మా పేపరు డెస్క్‌లో ఎవరూ పట్టుకోలేదు. పైగా దాన్నే హెడ్డింగ్ చేశారు. మర్నాడు పొద్దున సారు పేపరు మడిచి పట్టుకుని కిందికి దిగి వచ్చారు. అప్పటికి మెట్ల మీద ఎదురైతే నవ్వుకోవడం తప్ప మా మధ్య మాటలు లేవు.

"సాబ్, గీ వార్త మీదేనా?"

"నాదే సార్."

"ఐదు గంటల్ల లండన్ పోతదా?"

"కాగితంలో టైం అట్లే ఉంది సార్."

"ఈడి గడియారం చూసి ఎక్కిన్రు, ఆడి గడియారం చూసి దిగిన్రు. నడుమ ఐదున్నర గంటలు యాడ పోయినయి? దూరం ఏడు వేల ఏడు వందల కిలోమీటర్ల పైన ఉంటది. ఐదుతోటి భాగించున్రి. గంటకు పదిహేను వందలు దాటుతది. యుద్ధ విమానమా సాబ్ ఇది?"

వంటింట్లో మా ఆవిడ నవ్వడం వినిపించింది. ఆ రోజే ఆఫీసుకు వెళ్లి సవరణ ఇచ్చాను. రెండు లైన్లు. అది అచ్చయిన రోజు ఆయన మళ్లీ దిగి వచ్చి, "గిది మంచిగ రాసిన్రు" అన్నారు. ఈ వృత్తిలో ముప్పై ఏళ్లున్నాను. సవరణను మెచ్చుకున్న పాఠకుడు ఆయనొక్కరే.

ఆ తర్వాత ఆదివారాలు నేనే పైకి వెళ్లడం మొదలైంది. హాల్లో టీవీ పక్కన ఒక ప్లాస్టిక్ గ్లోబు, దాని కాలికి చుట్టిన కుట్టుదారం ఉండేవి. గోడ మీద మ్యాపులో గీసిన గీతను నమ్మొద్దనేవారు. దారం ఒక కొసను హైదరాబాద్ మీద బొటనవేలితో అదిమి, రెండో కొసను చేరాల్సిన ఊరి మీదికి లాగేవారు. దారం బిగుసుకున్నప్పుడు ఏ దారిన పడితే అదే దగ్గరి దారి. అమెరికా పడమటి ఊళ్లకు లాగితే దారం ఉత్తర ధ్రువం పక్కగా పోయేది. నేను ఆశ్చర్యపడితే ఆయనకు సరదాగా ఉండేది. "భూమి గుండ్రంగున్నదని బళ్లె చదువుకుంటం, టికెట్ కొనేటప్పుడు మర్చిపోతం" అనేవారు.

ఇదంతా ఇప్పుడు ఫోన్ చెబుతుంది. రెండు ఊళ్ల పేర్లు కొడితే కిలోమీటర్లు, గంటలు వస్తాయి. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఒకసారి ఆయన కంపెనీలో ఎవరినో కలవాల్సి వచ్చి, పిలుపు వచ్చేదాకా ఆయన డెస్క్ దగ్గర కూర్చున్నాను. మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఒక కోస్తా కుర్రాడు వచ్చాడు.

"సార్, టొరంటో ఎన్ని అవర్స్ అండి?"

"యాడికెళ్లి?"

"ఇక్కణ్ణుంచేనండి."

"ఇక్కడంటే? ఈ కుర్చీకెళ్లా, నీ రూంకెళ్లా, శంషాబాద్ గేటుకెళ్లా?"

"జస్ట్ ఫ్లైట్ టైం చెప్పండి సార్, చాలు."

"ఫ్లైట్ టైం పైలట్‌కు గావాలె. నీకు గావాల్సింది ఆడ స్నానం చేసి మంచం మీద పండే టైం. కూసో."

పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి నాలుగు వరుసలు రాశారు. ఇంటి నుంచి విమానాశ్రయం. గాలిలో ఉండేది. మధ్య ఊళ్లో కూర్చునేది. అక్కడ దిగి, వరుసలో నిలబడి, సామాను తీసుకుని గది తలుపు తీసేది. కూడితే, కుర్రాడు ఫోన్‌లో చూసుకున్న దానికంటే తొమ్మిది గంటలు ఎక్కువ వచ్చింది. కుర్రాడు నొసలు ముడిచాడు. "నమ్మకపోతే పోయినంక ఫోన్ చెయ్" అన్నారు సారు. కుర్రాడు చేశాడట కూడా. అరగంట తేడా వచ్చిందని చెబితే, ఆ అరగంట ఎక్కడ పోయిందో ఆయన రెండు రోజులు ఆలోచించారు.

ఇంట్లో ఈ విద్యకు పెద్ద గౌరవం ఉండేది కాదు. "లోకానికంత టైం చెప్తడు తమ్మీ, కొత్తిమీరకు పంపితే మాత్రం యాడ తేల్తడో తెల్వది" అనేవారు ఆయన భార్య, నాకు అక్క. ఆయన నవ్వి ఊరుకునేవారు. నిజానికి ఆయన విమానం ఎక్కింది జీవితంలో మూడుసార్లే. మూడూ మన దేశంలోనే.

ఆయన్ని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు గుర్తుపెట్టుకోవడానికి కారణం వేరే ఉంది. దాని గురించే రాయాలనుకున్నాను.

మాది కర్నూలు. ఇక్కడికి వచ్చాక చూశాను. హఫీజ్‌పేట్, చందానగర్, నానక్‌రామ్‌గూడ లాంటి పాత ఊళ్లలో మనిషి పోతే, శవం ఇంట్లో ఉన్నంతసేపు ఆ ఇంట్లోనే కాదు, వరుసగా నాలుగిళ్లలో పొయ్యి వెలిగించరు. దగ్గరివాళ్లు ముద్ద ముట్టరు. చితికి నిప్పు పెట్టాకే తిండి మాట. అందుకని "ఎప్పుడు ఎత్తుదాం" అన్న ప్రశ్న ఎక్కువసేపు గాలిలో ఉండదు. పసిపిల్లలుంటారు, షుగర్ మాత్రలు వేసుకునే ముసలివాళ్లుంటారు. పెద్దమనుషులు ఒక టైం చెప్పాలి. ఇంట్లో మనిషి వేరే దేశంలో ఉంటే ఆగాలా వద్దా, ఆగితే ఎంతసేపు అన్నది ఈ ఐటీ భవనాల చుట్టూ ఉన్న ప్రతి వీధికీ కొత్తగా వచ్చిన ప్రశ్న.

మా వీధిలోనే ఒక పెద్దాయన పోయినప్పుడు, మస్కట్‌లో ఉన్న తమ్ముడి కోసం ఆగడం గురించి మాట మాట పెరిగింది. పక్కనే నిలబడ్డ సారు కాగితం తీసి లెక్క వేసి, "మూడున్నరకు ముందు రాడు" అన్నారు. ఆ తమ్ముడు మూడూ నలభైకి ఆటో దిగాడు. అప్పటి నుంచి ఎక్కడ ఇలాంటి పరిస్థితి వచ్చినా ఆయనకు కబురు వచ్చేది. మొదట హఫీజ్‌పేట్ నుంచి, తర్వాత చందానగర్ నుంచి, ఆ పైన ఆయన కంపెనీ క్యాబ్ డ్రైవర్ల ఇళ్ల నుంచి. నాకు ఖాళీ ఉంటే స్కూటర్ మీద తీసుకెళ్లేవాణ్ణి. ఆయన లోపలికి వెళ్లి దండం పెట్టి, బయటికి వచ్చి, అరుగు మీద కూర్చుని కాగితం తీసేవారు. ఎన్నడూ "ఇన్నింటికి వస్తడు" అనలేదు. "ఇంతకు ముందు రాడు" అనేవారు. నేను చేసే పనిలో కూడా ఆ రెండు మాటలకూ చాలా తేడా ఉంది కాబట్టి నాకది నచ్చేది.

మూడేళ్ల కిందట, చలి తగ్గుతున్న రోజుల్లో, ఒక ఉదయం ఎనిమిదింటికి నానక్‌రామ్‌గూడ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఆయన కంపెనీకి క్యాబ్ నడిపే మనిషి. దవాఖానలో ఉన్న తల్లి తెల్లవారుజామున పోయింది. చెల్లెలు అదే కంపెనీలో పనిచేస్తూ, ఆరు నెలల పని మీద బ్రెజిల్‌లోని సావో పాలోకు వెళ్లింది. వెళ్లి మూడు నెలలైంది. ఆమెకు టికెట్ తీసింది సారే.

మేం తొమ్మిదింటికి చేరాం. నాలుగు వైపులా అద్దాల భవనాలు, మధ్యలో పాత ఊరి సందు, సందు మొదట్లో నిలిపేసిన షేర్ ఆటోలు. తల్లిని వాకిట్లో పడుకోబెట్టారు. అన్న ఫోన్ పట్టుకుని గోడకు ఆనుకుని ఉన్నాడు.

"ఫోన్ కలుస్తలేదు సారూ. మెసేజ్ పెట్టిన. ఒక్కటే టిక్ వడ్డది."

సారు గడియారం చూశారు. "ఆడ ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. ఫోన్ బంద్ చేసి పన్నదేమో."

అందరూ తలూపారు. నేనూ ఊపాను.

ఆయన అరుగు మీద కూర్చుని రాయడం మొదలుపెట్టారు. దారం లాగితే హైదరాబాద్ నుంచి సావో పాలోకు పద్నాలుగు వేల రెండు వందల అరవై కిలోమీటర్ల దాకా ఉంటుంది. నేరుగా విమానం లేదు. దుబాయ్ మీదుగా వస్తే దాదాపు పద్నాలుగు వేల ఏడు వందల యాభై. సావో పాలో నుంచి దుబాయ్‌కి పదిహేను గంటలు, అక్కడ రెండున్నర గంటలు కూర్చోవాలి, ఇక్కడికి మూడున్నర. ఆమె తెల్లవారి లేచి, మెసేజ్ చూసి, పరుగెత్తుకెళ్లి ఆ పొద్దుటి విమానమే ఎక్కగలిగితే, సీటు దొరికితే, శంషాబాద్‌లో దిగి రింగ్ రోడ్డు మీద ఇంటికి రావడం.

"రేపు సాయంత్రం నాలుగింటికి ముందు రాదు" అన్నారు.

ఊరి పెద్దల్లో ఒకాయన తలపాగా సవరించుకుని, "అది గూడ అన్నీ కలిసొస్తేనా?" అని అడిగారు.

"కలిసొస్తేనే."

"అయితే ఇగ ఆగుడెందుకు? రెండు పొద్దులు ఇంట్ల వెట్టుకుంటమా?"

"పెద్దనాయినా, జర ఆగుదామే. చెల్లె ఒక్కతే ఆడిబిడ్డ" అన్నాడు అన్న.

"రేపు గూడ రాకపోతే? అప్పుడేం జేస్తవ్ బిడ్డా?"

అన్న సారు వైపు చూశాడు. సారు కాగితం వైపు చూసి, "నాలుగింటికి ముందైతే రాదు" అని మళ్లీ అన్నారు. మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి ఎత్తారు. మేం కూడా నడిచి వెళ్లాం. పన్నెండూ నలభైకి అన్న నిప్పు పెట్టాడు.

నాలుగున్నరకు మేం హఫీజ్‌పేట్‌లో, వాళ్ల హాల్లో ఉన్నాం. స్నానాలయ్యాక అక్క టీ పెట్టి ఇచ్చారు. సారు ఫోన్ మోగింది. నానక్‌రామ్‌గూడ అన్న.

"చెల్లె వచ్చింది సారూ."

"యాడికి?"

"ఇంటికి. నాలుగుంబావుకు వచ్చింది. బ్యాగు ఇడిసిపెట్టి వాకిట్ల కూసున్నది."

సారు ఫోన్ పెట్టేశారు. ఏమైందో మాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. రెండు రోజుల కిందట అన్న ఫోన్‌లో, "అమ్మకు జర జ్వరం, ఫికర్ చెయ్యకు" అన్నాడు. అప్పటికే తల్లి దవాఖానలో ఉంది. అంత దూరంలో ఉన్న మనిషిని పరేషాన్ చేయడం ఎందుకని చెప్పలేదు. చెల్లెలికి అన్న గొంతు నచ్చలేదు. వస్తానంటే వద్దంటాడని ఎవరికీ చెప్పకుండా, కంపెనీ ద్వారా కాకుండా సొంతంగా టికెట్ కొనుక్కుని బయలుదేరింది. సావో పాలోలో ఆమె నిద్రపోతోందని మేం తలూపిన సమయానికి ఆమె దుబాయ్‌లో రెండో విమానం కోసం కూర్చుని ఉంది. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది.

సారు వేసిన లెక్క పావుగంట తేడాతో నిజమైంది. దారి అదే, విమానాలు అవే. ఒక్క రోజు ముందు.

మర్నాడు ఆయన నన్ను మళ్లీ నానక్‌రామ్‌గూడ తీసుకెళ్లమన్నారు. నేను వద్దన్నాను. అక్క, "పోనీ తమ్మీ, పోకపోతే ఈయన ఇంట్ల ఉండలేడు" అన్నారు. వెళ్లాం. ఆ అమ్మాయి చాప మీద కూర్చుని ఉంది. సారు ఎదురుగా కింద కూర్చున్నారు.

"తప్పు నాది బిడ్డా. నువ్వు ఇప్పుడు యాడున్నవో నేను అడగలే. నీ టికెట్ నేనే తీసిన గద, ఆడనే ఉన్నవనుకున్న."

ఆమె ఒకటే అడిగింది. "ఎంతల తప్పిపోయింది సార్ నాకు?"

పక్కనున్న అన్న, "ఇప్పుడు గవన్ని ఎందుకే" అన్నాడు. నేనైతే ఏదో ఒకటి చెప్పి దాటేసేవాణ్ణి.

"నాలుగుంబావు గంటలు" అన్నారు సారు.

ఆమె తలూపింది. అంతే. మేం లేచి వచ్చేశాం. గచ్చిబౌలి సిగ్నల్ దగ్గర స్కూటర్ ఆగినప్పుడు ఆయన వెనక నుంచి అన్నారు: "నేనంటే టికెట్లోన్ని సాబ్. నువ్వు అడుగుడే పని చేసేటోనివి. నువ్వు గూడ అడగలే."

పద్దెనిమిదేళ్లలో ఆయన నన్ను నువ్వు అన్నది ఆ ఒక్కసారే. ఆ రోజు ఆ వాకిట్లో నలభై మంది ఉన్నారు. ఆ పిల్లతో చివరిసారి ఎవరు మాట్లాడారు, ఎప్పుడు, అప్పుడు ఏమంది అని ఒక్కరు అడిగినా, తెలియదు అన్న జవాబైనా వచ్చి ఉండేది. తెలియదంటే పెద్దలు పొద్దుగూకే దాకా ఆగేవారు. మా అందరికీ తెలుసు కాబట్టి ఆగలేదు.

ఆ తర్వాత ఆయన ఇక ఎవరింటికీ వెళ్లనన్నారు. అక్క ఒప్పుకోలేదు. "పిలిస్తే పోవాలె. తప్పు జేసినోనికే మళ్ల తప్పు చేయకుంట ఎట్లనో తెలుస్తది" అన్నారు. ఆయన వెళ్లారు. కానీ కాగితం తీసే ముందు ఒక పని మొదలుపెట్టారు. "ఆయన ఇప్పుడు యాడున్నడు? ఎవరు మాట్లాడిన్రు? ఎప్పుడు?" అని ఒక్కొక్కరినీ అడిగేవారు. అనుకుంటున్నాం అన్న మాట వస్తే పెన్ను మూత పెట్టేసి, "అనుకునుడు వద్దు, ఫోన్ చెయ్యిన్రి" అనేవారు. రూమ్‌మేట్‌కు, ఆఫీసుకు, చివరికి ఇల్లు కిరాయికిచ్చిన మనిషికి కూడా చేయించేవారు. చందానగర్‌లో ఒకింట్లో, సింగపూర్‌లో ఉన్నాడని అందరూ అనుకుంటున్న అల్లుడు అప్పటికే చెన్నైలో దిగి ఉన్నాడని అలాగే బయటపడింది. అక్కడ ఆగారు. అతను అందుకున్నాడు.

కిడ్నీలు చెడ్డాక వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవారు. కొన్నిసార్లు నేను తోడు వెళ్లాను. మొదటి రోజు నర్సును ఎంతసేపు పడుతుందని అడిగారు. నాలుగు గంటలంది. "దుబాయ్ పోయి దిగొచ్చు" అన్నారు నాతో. ఆ తర్వాత ప్రతిసారీ మంచం ఎక్కుతూ ఒక ఊరి పేరు చెప్పేవారు. కొలంబో, దోహా, బ్యాంకాక్. మిషన్ ఆగేసరికి ఎక్కడిదాకా వచ్చామో చెప్పేవారు. నర్సులకు అలవాటైపోయింది. "సార్, ఇయ్యాల యాడికి?" అని వాళ్లే అడిగేవారు.

పోయిన ఆదివారం ఆయన చనిపోయినప్పుడు మేం ఎవరి కోసమూ ఎక్కువసేపు ఆగాల్సిన పని రాలేదు. కూతురు చందానగర్‌లోనే ఉంటుంది, ఇరవై నిమిషాల్లో వచ్చింది. తమ్ముళ్లిద్దరూ సంగారెడ్డి వైపు నుంచి రావాలి. అయినా నేను రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని, రావాల్సిన వాళ్లందరికీ ఫోన్ చేసి, ఎక్కడున్నారో వాళ్ల నోటితోనే చెప్పించుకున్నాను. పదకొండున్నరకు ఎత్తాం.

ఇక్కడితో ముగించవచ్చు అనుకున్నాను. కానీ మూడో రోజు నానక్‌రామ్‌గూడ అమ్మాయి వచ్చింది. ఇప్పుడామె ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో పనిచేస్తోంది, తన ఇంటి డాబా మీద నుంచి కనిపించే భవనంలోనే. అక్క పక్కన కూర్చుంది. నేనూ, సారు కూతురూ ఉన్నాం. కాసేపు మామూలు మాటలయ్యాక ఆమె అంది: "సారు మీకు చెప్పిండో లేదో."

ఆయన నాకు చెప్పలేదు. అక్కకూ చెప్పలేదు.

తల్లి దినాలైపోయాక, ఆమె సావో పాలో తిరిగి వెళ్లే ముందు రోజు, సారు ఒక్కరే షేర్ ఆటోలో నానక్‌రామ్‌గూడ వెళ్లారట. టికెట్ కాగితాలు ఇవ్వడానికని. ఇచ్చి లేవబోతుంటే ఆమె ఆపింది. అప్పటిదాకా అన్నకు కూడా చెప్పని ఒక మాట ఆయన్ని అడిగింది.

"నేను విమానంల అన్నం తిన్న సార్. నాకేం తెల్వది. ఎక్కంగనే నిద్ర పోయిన. లేసినంక అడిగితే తెచ్చిచ్చిన్రు, తిన్న. నేను తినేటప్పుడు అమ్మ ఇంకా వాకిట్లనే ఉన్నదా? వాడకట్టుల ఎవ్వరు పొయ్యి ముట్టియ్యలే. నేనొక్కదాన్నే తిన్ననా?"

టైం చూసుకున్నావా అని సారు అడిగారు. ఫోన్ ఆగిపోయింది, చూడలేదంది. కిటికీ సీటా అని అడిగారు. అవునంది.

"తినేటప్పుడు కిందికి చూసినవా? ఏం కనవడ్డది?"

"లేసేసరికి నీళ్లే ఉండె. అటెన్క ఒడ్డు కనవడ్డది. పడవలు కనవడ్డయి. ఇగ ఇంటికొచ్చిన అనిపిచ్చింది. అప్పుడు ఆకలైంది."

"అన్నం మూత తీసింది ఒడ్డు చూసినంకనా, ముందా?"

"చూసినంకనే. ఒడ్డు చూసినంకనే తినబుద్ధైంది."

సారు జేబులోంచి కాగితం తీశారట. ఆ రోజు దుబాయ్ విమానం నేల విడిచిన టైం ఆయన అప్పటికే రాసి పెట్టుకున్నారు. మన గడియారం ప్రకారం పదకొండూ ఐదు. అక్కడి నుంచి మన పడమటి ఒడ్డుకు సుమారు పంతొమ్మిది వందల కిలోమీటర్లు, రెండుంబావు గంటలు. ఆమెకు చూపిస్తూ మెల్లగా కూడారు.

"నువ్వు ఒడ్డు చూసేసరికి ఒంటిగంటా ఇరవై. అమ్మకు నిప్పు వెట్టింది పన్నెండూ నలభైకి, నేను ఆడనే ఉన్న. పావుగంట అటు ఇటు అయినా, నువ్వు తిన్నది తర్వాతనే బిడ్డా. నువ్వు ముద్ద ముట్టకముందే అంత అయిపోయింది."

ఆమె నమ్మలేదు. "నన్ను ఓదార్చనీకె చెప్తున్నరా సార్?" అని అడిగింది.

"నాలుగుంబావు గంటలని చెప్పింది గూడ నేనే గద. ఓదార్చేటోన్నైతే ఆ దినమే ఓదారుస్తుంటి" అన్నారట.

ఇది విని సారు కూతురు కొంగుతో ముఖం తుడుచుకుంది. అక్క మాత్రం ఏడవలేదు. విమానం ఎన్నడూ ఎక్కని మనిషి, ఆ అమ్మాయి చేయి పట్టుకుని అడిగారు.

"ఒడ్డు ఎట్లుంటది బిడ్డా, మీదికెళ్లి?"

"సన్నగుంటదమ్మా" అంది ఆ అమ్మాయి. "తెల్లగ, ముగ్గు పోసినట్టు. ఇటు నీళ్లు, అటు నేల. అలలు గూడ కనవడతయి. కానీ అంత మీదికెళ్లి చూస్తే అవి కదలయి."